మోడ్రిచ్ ఆటే పాఠ్యప్రణాళిక: హన్మకొండ వేసవి ఫుట్‌బాల్ శిబిరంపై ఒక సమీక్ష

వేసవి సెలవులు మొదలయ్యాయంటే వరంగల్, హన్మకొండల్లో క్రికెట్ శిబిరాల ఫ్లెక్సీలకు కొదవ ఉండదు. ఫుట్‌బాల్ నేర్పేవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉన్నారు. వారిలోనూ ఎక్కువ మంది పిల్లలకు గోల్ కొట్టడం, బంతిని కాలికి అంటిపెట్టుకుని పరుగెత్తడం నేర్పి ఇంటికి పంపిస్తారు. ఈ వేసవిలో మా అమ్మాయి చేరిన శిబిరం అలా కాకుండా, మైదానం మధ్యలో నిలబడి ఆటను నడిపించే మిడ్‌ఫీల్డర్ పనిని ప్రధానంగా తీసుకుని, మొత్తం శిక్షణను క్రొయేషియా ఆటగాడు లూకా మోడ్రిచ్ క్రీడాజీవితం వెంట నడిపించింది. హన్మకొండలో ఒక పాఠశాల మైదానాన్ని అద్దెకు తీసుకుని నడుపుతున్న ఈ శిబిరం పేరు రాయవద్దని, ఉన్న బంతులకూ స్థలానికీ మించి పిల్లలు వస్తే సరిగా నేర్పలేమని కోచ్ గారే కోరారు కాబట్టి, పేరు లేకుండానే నా అభిప్రాయం రాస్తున్నాను.

వారపు రోజుల్లో తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తారు. శనివారం సాయంత్రం మాత్రం ఒక గదిలో గోడ మీద మ్యాచ్‌లు చూపిస్తూ పాఠం చెబుతారు. ఒక్కో వారం మోడ్రిచ్ జీవితంలో ఒక్కో దశను చూపించి, ఆ దశలో అతడు ఏం నేర్చుకున్నాడో ఆ వారమంతా మైదానంలో సాధన చేయించడం ఈ శిబిరం పద్ధతి.

మొదటి వారం క్రొయేషియాలోని జాదర్ పట్టణం. 1985లో పుట్టిన మోడ్రిచ్ ఆరేళ్ల వయసులో, 1991 డిసెంబరులో, క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తాతను పోగొట్టుకున్నాడు. అతని పేరు ఆ తాత పేరే. ఊరు విడిచి వచ్చిన ఆ కుటుంబం ఏళ్ల తరబడి జాదర్‌లోని హోటళ్లలో కాందిశీకులుగా తలదాచుకుంది, పిల్లవాడు హోటల్ వాహనాలు నిలిపే జాగాలో బంతి ఆడుకున్నాడు. తరువాత పెద్ద క్లబ్ అయిన హైదుక్ స్ప్లిట్ అతణ్ని పరీక్షించి, మరీ బక్కగా, చిన్నగా ఉన్నాడని వెనక్కి పంపింది. కోచ్ గారు ఈ భాగాన్ని పిల్లలకు చెప్పినదాని కంటే తల్లిదండ్రులకు చెప్పినదే ఎక్కువ. మన దగ్గర పాఠశాల జట్లకు ఎంపిక జరిగేటప్పుడు పొడుగు, కండ ఉన్న పిల్లలే ముందు వరుసలోకి వస్తారు, పన్నెండేళ్లకు ఎదిగిన పిల్లవాడికీ పదిహేనేళ్లకు ఎదిగే పిల్లవాడికీ ఉన్న తేడాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ శిబిరంలో చేరేటప్పుడు ఎత్తు కొలవలేదు, పరుగు పందెం పెట్టలేదు. బంతి ఇచ్చి, అయిదుగురి మధ్య ఆడించి, ఎవరు తల పైకెత్తి చూస్తున్నారో మాత్రమే రాసుకున్నారు. సన్నగా ఉండే మా అమ్మాయి మధ్యలో ఆడే బృందంలోకి వచ్చింది ఆ చూపు వల్లనే.

నాకు అన్నిటికంటే నచ్చిన సాధన ఈ చూపుకు సంబంధించినదే. నాలుగు కోన్ల మధ్య ఒక పిల్లను నిలబెడతారు. ఎదురుగా ఉన్నవారు బంతి పంపుతారు, వెనక నిలబడిన సహాయకుడు ఆ క్షణంలో కొన్ని వేళ్లు పైకెత్తుతాడు. బంతి కాలికి తగలకముందే వెనక్కి తిరిగి చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పి, ఆ సంఖ్యను బట్టి కుడికో ఎడమకో తిరగాలి. మొదటి రోజుల్లో పిల్లలు వేళ్లు చూస్తే బంతి వదిలేసేవారు, బంతి చూస్తే వేళ్లు మరిచిపోయేవారు. కోచ్ గారు ఎవరినీ గద్దించలేదు. "బాల్ రాకముందే ఎనకకు చూడు బిడ్డా, వచ్చినంక చూస్తే లాభం లేదు" అని అదే మాట అలసట లేకుండా చెప్పేవారు. నెల ముగిసేసరికి మా అమ్మాయి ఒక్క పాస్ అందుకునే లోపు రెండు భుజాల మీదుగానూ చూడటం నేను గట్టు మీద కూర్చుని స్పష్టంగా గమనించాను. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలను పరిశీలించి, బంతి అందకముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవారి పాస్‌లే ఎక్కువగా గురి చేరుతున్నాయని చూపించారు. మోడ్రిచ్ ఆటను మనం టీవీలో చూసేటప్పుడు బంతి వెంటే మన కళ్లు పోతాయి కాబట్టి, బంతి లేనప్పుడు అతని తల ఎంతగా తిరుగుతుందో కనబడదు. శనివారం పాఠంలో సరిగ్గా అక్కడే వీడియో ఆపి, గోడ మీది బొమ్మను చీకటి చేసి, ఎవరెక్కడ ఉన్నారో నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టమంటారు. డబ్బు ఎంత పోసినా దొరకని పాఠమని నేను దీన్నే అంటాను.

రెండో వారం అద్దె ఆటగాడిగా గడిపిన కాలం. క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ తాను తీసుకున్న కుర్రాణ్ని ముందుగా బోస్నియాలోని జ్రిన్‌స్కీ మోస్తార్‌కు, ఆ తరువాత ఇంటర్ జాప్రెషిచ్‌కు ఆడిరమ్మని పంపింది. మొరటు ఆటకు పేరుపడ్డ బోస్నియా లీగ్‌లో పద్దెనిమిదేళ్ల వయసులో ఆ లీగ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఆ వారం చిన్న పిల్లలను తమకంటే పెద్దవారితో కలిపి ఆడించారు, దెబ్బలు తగలకుండా ఒక పెద్దమనిషి విజిల్‌తో పక్కనే ఉన్నారు. ఇదే జాగ్రెబ్ క్లబ్ మహిళల జట్టుకు మన నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య 2022లో ఆడింది. ఆమె ఆడే స్థానం మధ్యలో కాక వింగ్ (మైదానం అంచు) అయినా, శిబిరానికి వచ్చే ఆడపిల్లల ముందు ఆ పేరు గట్టిగా చెప్పి ఉండాల్సింది. కోచ్ గారు ఒక్క వాక్యంలో దాటవేయడం నాకు వెలితిగా అనిపించింది.

తరువాతి పాఠం లండన్ క్లబ్ టోటెన్‌హామ్, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్. 2008లో లండన్ చేరిన మోడ్రిచ్‌ను మొదట్లో ఎక్కువగా ఎడమ పక్కన ఆడించి, తరువాత మధ్యలో స్థిరపరిచారు. 2012లో మాడ్రిడ్ వెళ్లాక మొదటి నెలలు బెంచీ మీదే ఎక్కువగా గడిచాయి, ఆ ఏడాది చివర ఒక స్పానిష్ పత్రిక పాఠకులు ఆ సీజన్‌లో అతణ్ని కొనడమే అన్నిటికంటే చెడ్డ బేరమని ఓటు వేశారు. 2013 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో ఆట మధ్యలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, దూరం నుంచి గోల్ కొట్టి మ్యాచ్‌ను మలుపు తిప్పాడు. 2014లో లిస్బన్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (ఐరోపా క్లబ్‌ల పోటీ) ఫైనల్ అదనపు క్షణాల్లో సహచరుడు రామోస్ తలతో కొట్టిన గోల్‌కు కార్నర్ కొట్టిందీ అతడే. ఈ వరుసను చూపించిన వారంలో ప్రతి పిల్లవాడినీ వంతులవారీగా బయట కూర్చోబెట్టి, లోపలి ఆటలో ఎక్కడ ఖాళీ ఉందో చెప్పమన్నారు. డబ్బు కట్టి పంపితే పిల్లవాణ్ని కూర్చోబెట్టడమేమిటని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు కానీ, బయట కూర్చుని ఆట చదవడం కూడా శిక్షణేనని నేను నమ్ముతున్నాను.

కాసెమిరో, క్రోస్, మోడ్రిచ్ ముగ్గురూ మధ్యలో ఉండగా మాడ్రిడ్ 2016, 2017, 2018లలో వరుసగా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. కాసెమిరో బంతిని గెలుచుకుంటాడు, క్రోస్ వెనక నుంచి పొడవాటి పాస్‌లతో ఆట దిశ మారుస్తాడు, మోడ్రిచ్ బంతిని తీసుకుని ప్రత్యర్థుల వరుసల మధ్యకు వెళతాడు. ముగ్గురికీ మూడు రకాల పని అప్పగించి పిల్లలతో ఆడించిన ఉదయం శిబిరం మొత్తంలో అత్యుత్తమమైనది. పెళ్లింట్లో వడ్డన దగ్గర నిలబడి ఏ వరుసకు ఏది తక్కువైందో చూసుకునే మనిషి లాంటివాడు మిడ్‌ఫీల్డర్. అతడు లేనప్పుడు గానీ అతని పని ఎవరికీ తెలియదు. అందువల్లనే 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ మోడ్రిచ్‌కు రావడం నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం కలిగించే విషయం. 2008 నుంచి పదేళ్ల పాటు ఆ బహుమతి మెస్సీ, రొనాల్డోల చేతులు దాటలేదు. ఆ ఏటి ప్రపంచకప్‌లో ఫైనల్‌కు ముందు క్రొయేషియా ఆడిన నాకౌట్ మ్యాచ్‌లు మూడూ అదనపు సమయానికి వెళ్లాయి. డెన్మార్క్‌తో అదనపు సమయం ముగింపులో పెనాల్టీ పోగొట్టుకున్న మోడ్రిచ్, కాసేపటికే షూటౌట్‌లో మళ్లీ ముందుకు వచ్చి గోల్ కొట్టాడు. ఫైనల్‌లో ఫ్రాన్స్ 4–2తో గెలిచినా టోర్నీ ఉత్తమ ఆటగాడి బంగారు బంతి అతనికే దక్కింది.

2022 ఏప్రిల్‌లో చెల్సీపై కాలి వెలుపలి అంచుతో రోడ్రిగోకు పంపిన పాస్‌ను గోడ మీద చూడగానే పిల్లలంతా మర్నాడే దాన్ని ప్రయత్నించారు. కోచ్ గారు ఆపించారు. కాలి లోపలి భాగంతో పది గజాల పాస్ రెండు కాళ్లతోనూ తప్పకుండా వెళ్లే వరకు అది వద్దన్నారు. క్రమం విషయంలో ఆయనది న్యాయమే అయినా, చివరి పావుగంట పిల్లలను ఇష్టం వచ్చినట్టు ఆడనిస్తే ఆ ఉత్సాహం చల్లారిపోకుండా ఉండేదని నా అభిప్రాయం.

సదుపాయాల దగ్గర మార్కులు తగ్గించక తప్పదు. మైదానం మొరం నేల. పొడవాటి స్టడ్స్ ఉన్న బూట్లు ఈ నేల మీద దిగబడవు, పాదం జారి మడమ, మోకాలు నొప్పెడతాయి. పొట్టి రబ్బరు గుబ్బలున్న టర్ఫ్ షూస్ కొనమని చేరిన రోజే చెప్పి ఉంటే చాలామందికి ఖర్చు కలిసివచ్చేది. నీళ్ల కుండలు ఒక్క మూలనే ఉన్నాయి. మే నెలలో వరంగల్ ఎండ తెలిసినవారు ప్రతి ఇరవై నిమిషాలకూ విరామం ఇవ్వాలి, ఇక్కడ అది కొన్ని రోజులే జరిగింది. వీడియో చూపించే గది రేకుల కప్పు కింద ఉంది, సాయంత్రం కూడా సెగ తగ్గదు. ఫీజుకు రసీదు ఇవ్వలేదు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి వేరే గది లేదు, కాజీపేట నుంచి వచ్చే ఇద్దరమ్మాయిలు ఆ కారణంతోనే మధ్యలో మానేశారు. వచ్చే ఏడాదికి ముందుగా సరిచేయవలసింది ఇదే.

పాఠ్యప్రణాళికలో ఉన్న ఒక పెద్ద లోటు గురించి కూడా చెప్పాలి. బంతిని పట్టుకుని వేలాడకుండా ఒక్క స్పర్శతో పంపడం, ఖాళీలను ముందే చూడటం మన హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ వెళ్లడం) చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టి పాస్ విలువ నేర్పారు. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. హైదరాబాద్ హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ చేసిన పని నేటి మిడ్‌ఫీల్డర్ పనికి ఎంతో దగ్గరిది. జాదర్ నుంచి మిలాన్ వరకు అన్ని ఊర్లూ తిప్పిన శిబిరం హైదరాబాద్‌కు ఒక్క శనివారం కేటాయించలేదు. పిల్లలకు మోడ్రిచ్ ఎంత దగ్గరయ్యాడో రహీమ్ సాబ్ కూడా అంత దగ్గర కావాలని నేను మనసారా కోరుకుంటున్నాను, కోచ్ గారికి ఆ మాట చెప్పాను కూడా.

చివరి వారం వయసు గురించి. మాడ్రిడ్‌తో ఆరు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచి, 2025లో నలభైకి దగ్గరవుతూ ఏసీ మిలాన్‌లో చేరిన ఆటగాడి నిద్ర, తిండి, కండరాల సంరక్షణ మీద ఒక పాఠం చెప్పారు. అది తొందరగా ముగిసింది, పిల్లలకు అంతగా పట్టలేదు.

పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసు ఉండి, బంతి మీద కొంత అదుపు ఇప్పటికే ఉన్న పిల్లలకు ఈ శిబిరం బాగా సరిపోతుంది. మొదటిసారి బంతి ముట్టుకునే చిన్నారులకు వేగం ఎక్కువవుతుంది. గోల్‌కీపర్లకు ఇక్కడ ప్రత్యేక శిక్షణ లేదు కాబట్టి ఆ ఆసక్తి ఉన్నవారు వేరే చోట చూసుకోవడం మంచిది. ఫీజు ఇక్కడి క్రికెట్ శిబిరాలు తీసుకునే దానిలో దాదాపు సగం, వాయిదాల్లో కట్టవచ్చు. దసరా సెలవుల్లో మళ్లీ మొదలుపెడతామన్నారు. ఆడపిల్లలకు గది ఏర్పాటు చేశారో లేదో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టండి.