చూవో లైను వెంట జాజ్ రికార్డుల కోసం: టోక్యోలో ఆరు రోజులు

ఆరు రోజులు, 34 ఎల్పీలు, 11 సీడీలు. రికార్డుల ఖర్చే దగ్గర దగ్గర 96,000 యెన్లు అయింది. ఇంతా చేసి నేను తిరిగింది దాదాపు ఒకే రైలు దారి, నారింజ రంగు గీత ఉన్న జేఆర్ చూవో లైను. కిచిజోజి, షింజుకు, యొత్సుయా, ఒచానొమిజు. ఈ నాలుగు స్టేషన్ల మధ్యే జాజ్ అభిమానికి వారం చాలదు.

బయల్దేరేముందు కొనాలనుకున్నవాటి చీటీ నిండా అమెరికన్ మొదటి ప్రెస్సింగులే, అంటే రికార్డు మొదటిసారి అచ్చేసినప్పటి ప్రతులే ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో అలాంటిది ఒక్కటీ లేదు. అయినా నేను ఇప్పటిదాకా చేసిన ప్రయాణాలన్నిటిలోకీ ఇదే గొప్పది. మనసు ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు షింజుకులో స్టేషనుకి దగ్గరగా ఉందని ఒక చిన్న హోటల్లో దిగాను. మంచం, తలుపు, వాటి మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు, అంతే. నిద్రకి సరిపోతుంది కానీ రికార్డులు కొనేవాడికి పనికిరాదు. సాయంత్రం తెచ్చినవాటిని కవర్లలోంచి తీసి దీపం కింద పెట్టి చూసుకోవాలంటే బల్ల కావాలి. మంచం మీద పరిస్తే దుమ్ము పడుతుంది, గోడకి ఏటవాలుగా ఆనిస్తే వంగిపోతాయి. మూడో రోజు ఒచానొమిజులో ఒక పాత బిజినెస్ హోటల్‌కి మారాను. గది పెద్దదేం కాదు గానీ గోడ పొడవునా బల్ల ఉంది. కింద కౌంటర్‌లో అడగ్గానే రెండు ఖాళీ అట్టపెట్టెలు, టేపు తెచ్చిచ్చారు. షింజుకు నుంచి ఇక్కడికి రైల్లో పది నిమిషాలే. రాత్రి పొద్దుపోయేదాకా సందడి కావాలంటే షింజుకు, కొన్నవాటిని స్థిమితంగా చూసుకోవాలంటే ఒచానొమిజు. నా ఓటు రెండోదానికి.

అంగళ్ళలో పెద్ద చేయి డిస్క్ యూనియన్‌ది. షింజుకులో వాళ్ళకి ఒక్కో రకం సంగీతానికి ఒక్కో శాఖ ఉంది, జాజ్‌కి వేరే. ఒచానొమిజులో జాజ్ టోక్యో అని మరొకటి. పొద్దున్నే లేచి పరిగెత్తనక్కర్లేదు. రికార్డు షాపులు చాలావరకు పదకొండుకో పన్నెండుకో గానీ తెరవవు. నేను పొద్దుటిపూట కాండా నది వంతెన మీద నిలబడి కింద పోయే రైళ్ళు చూసి, గిటార్ల అంగళ్ళ వీధి దిగి, జింబోచో పాత పుస్తకాల బజారు చుట్టి వచ్చేసరికి వేళయ్యేది.

భాష రాకపోయినా నాలుగైదు మాటలు నేర్చుకుంటే పని జరుగుతుంది. చూకో అంటే వాడినది. కొకునైబాన్ అంటే జపాన్‌లో వేసిన ప్రెస్సింగు, యున్యూబాన్ అంటే బయటినుంచి వచ్చింది. ఒబి అంటే కవరు ఎడమ పక్కన చుట్టే కాగితపు పట్టీ. అది ఉంటే ఒక ధర, పోతే ఇంకో ధర. ధర చీటీ మీద రికార్డుకీ కవరుకీ విడివిడిగా అక్షరం వేస్తారు, ఏ, బి, సి అని. ఈ మార్కుల విషయంలో వాళ్ళ పట్టింపు చూసి నాకు గౌరవం కలిగింది. బి అని రాసినదాన్ని తీసి చూస్తే వెంట్రుకవాసి గీతలు రెండు కనిపించాయి, సూది కింద వినబడనంత సన్నవి. వేరే చోట్ల నేను కొన్న 'కొత్తదానిలా ఉంది' అన్న రికార్డులు వీటి పక్కన నిలబడవు. కౌంటర్‌లో "కెన్‌బాన్" అంటే చాలు, రికార్డు బయటికి తీసి దీపం కింద చూపిస్తారు. మొదటి రోజు మొహమాటపడ్డాను. రెండో రోజు నుంచి ప్రతిదీ చూసే తీసుకున్నాను, ఎవరూ విసుక్కోలేదు.

పాస్‌పోర్టు వెంట ఉండాలి, నకలు కాదు, అసలుది. అమ్మకపు పన్ను పది శాతం. నేను వెళ్ళినప్పుడు ఈ సదుపాయం ఉన్న దుకాణంలో ఒకే రోజు, పన్ను కలపకుండా 5,000 యెన్లు దాటి కొంటే విదేశీ యాత్రికులకి ఆ పన్ను మినహాయించేవారు. అందుకని మూడు చోట్ల మూడేసి కొనే బదులు ఒక చోట తొమ్మిది కొనడం మేలు.

ఇక అసలు ప్రశ్న. అమెరికన్ జాజ్ కంపెనీ బ్లూ నోట్ మొదటి ప్రెస్సింగులు గోడ మీద అద్దాల వెనక ఉంటాయి. లేబుల్ మీద లెక్సింగ్టన్ అవెన్యూ చిరునామా ఉంటే ఒక కాలం, 47 వెస్ట్ 63 అని ఉంటే ఇంకో కాలం. సూది ఆగే చోట మైనంలా నున్నగా ఉండే భాగంలో, చెవి ఆకారంలో చిన్న గుర్తు ఉంటుంది. అది ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ గుర్తు. బ్లూ నోట్‌ని లిబర్టీ అనే ఇంకో కంపెనీ కొన్న తర్వాత వేసినవాటిలో ఆ చెవి ఉండదు. పక్కనే ఆర్‌వీజీ అని ముద్ర ఉంటే మాస్టర్, అంటే అచ్చుకి మూలమైన పలక, కోసినది రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో ఈ సంగీతాన్ని పట్టుకుని, 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్న మనిషి. ఈ గుర్తులన్నీ ఏళ్ళ తరబడి చదివి కంఠతా పట్టినవాణ్ణి. అద్దం వెనక పియానిస్టు సోనీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్' కనబడగానే గుండె ఆగినంత పనైంది. ధర చూస్తే నా ప్రయాణం ఖర్చంతా కలిపినా అందదు.

ఆ రికార్డు 1958 జనవరిలో చేసింది. ఆర్ట్ ఫార్మర్ ట్రంపెట్, జాకీ మెక్లీన్ ఆల్టో శాక్సఫోన్, పాల్ చేంబర్స్ బాస్, ఫిలీ జో జోన్స్ డ్రమ్స్. సోనీ క్లార్క్ 31 ఏళ్ళకే, 1963లో పోయాడు. సొంత దేశంలో అంతగా పట్టించుకోని ఈ పియానిస్టుని జపాన్ శ్రోతలు నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ ఏ జాజ్ అంగట్లో అడిగినా ఈ రికార్డు ఏదో ఒక ప్రెస్సింగులో దొరుకుతుంది. ఎందుకంత ప్రేమ అన్నది నాకు అంగళ్ళలో తెలియలేదు, జాజ్ కిస్సాలో తెలిసింది.

కిస్సా అంటే కాఫీ దుకాణమే, కానీ అక్కడ కాఫీ మిష మాత్రమే. దిగుమతి రికార్డు సామాన్యుడు కొనలేని రోజుల్లో, ఒక కప్పు కాఫీ ధరకి మంచి స్పీకర్ల మీద వినే చోటుగా ఇవి నిలదొక్కుకున్నాయి. యొకొహామాలో 1933లో మొదలైన చిగుసా వీటిలో పాతది. యుద్ధకాలంలో జాజ్ శత్రువుల సంగీతమని నిషేధం పడింది, 1945 బాంబు దాడుల్లో ఆ దుకాణం రికార్డులతో సహా తగలబడింది. యజమాని మళ్ళీ సమకూర్చుకుని తెరిచాడు. యుద్ధం తర్వాత అక్కడ కూర్చుని రికార్డులు వింటూ నేర్చుకున్న వాళ్ళలో జాజ్ కళాకారులు తోషికో అకియోషి, సాదావో వతనబే ఉన్నారు. ఇప్పుడున్నవాటిలో నేను ఎక్కువసేపు గడిపింది యొత్సుయాలోని ఈగిల్‌లో. 1967 నుంచి నడుస్తోంది. మెట్లు దిగి లోపలికి వెళ్ళాక పగటిపూట మాటలు లేవు. రికార్డుకి ఒక వైపే వేస్తారు, వేస్తున్నదాని కవరు అందరికీ కనబడేలా నిలబెడతారు. మూడు మధ్యాహ్నాలు అక్కడే గడిపాను. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు. నచ్చిన ప్రతిదాని పేరూ రాసుకున్నాను.

రెండో మధ్యాహ్నం గ్రాంట్ గ్రీన్ 'గుడెన్స్ కార్నర్' వేశారు. గిటార్, దాని వెనక సోనీ క్లార్క్ పియానో. గిటార్ ఒక మాట అని ఆగితే పియానో ఆ ఖాళీని నింపడం లేదు, ఇంకాస్త తెరుస్తోంది. అప్పుడు తెలిసింది నాకు ఈ మనిషిని ఇక్కడివాళ్ళు ఎందుకంత దగ్గరికి తీసుకున్నారో. ఎంత చురుగ్గా వాయించినా అడుగున ఒక దిగులు పలుకుతుంది, అది ఎక్కడా కన్నీరు కాదు.

ఈ రికార్డు చరిత్రే నా చీటీని తిరగరాసింది. 1961లో వాయించారు, కానీ బ్లూ నోట్ అప్పట్లో బయటికి తేలేదు. టేపులు అరల్లో ఉండిపోయాయి. మొదటిసారి ఎల్పీగా వచ్చింది 1980లో, జపాన్‌లో, అక్కడి కంపెనీ కింగ్ రికార్డ్స్ ద్వారా. అంటే దీనికి జపాన్ ప్రెస్సింగే మొదటి ప్రెస్సింగ్! 1977 నుంచి 1983 దాకా అక్కడ బ్లూ నోట్ హక్కులు కింగ్ చేతిలో ఉన్నప్పుడు, ఇలా అరల్లో పడున్న రికార్డింగులు ఎన్నో ముందుగా అక్కడే వెలుగు చూశాయి. మర్నాడు ఒచానొమిజులో అదే రికార్డు, ఒబితో సహా 3,300 యెన్లకి దొరికింది. చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

అక్కడి నుంచి కొనుగోలు తీరే మారిపోయింది. 'కూల్ స్ట్రటిన్' కూడా కింగ్ ప్రెస్సింగే తీసుకున్నాను, 2,800 యెన్లు. ఉపరితలం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పాట మొదలయ్యేదాకా సూది దిగిందో లేదో తెలియదు. నిజం చెప్పాలంటే వీటికీ లోటుంది. అమెరికా నుంచి పంపిన టేపు నకళ్ళ మీంచి కోసినవి కాబట్టి వాన్ గెల్డర్ స్వయంగా కోసినదాంట్లో ఉండే ఆ మొరటు దెబ్బ, ట్రంపెట్ మొహం మీదికి దూకి రావడం, వీటిలో కాస్త తగ్గుతుంది. డ్రమ్స్ తాళాల మెరుపు ఎక్కువ. నా చెవికి ఆ నిశ్శబ్దం కోసం అంతమాత్రం వదులుకోవచ్చు అనిపించింది.

జపాన్ వాళ్ళ సొంత జాజ్ కోసం కిచిజోజి మంచిది. షింజుకు నుంచి పావుగంట. అక్కడి అంగళ్ళలో రద్దీ తక్కువ, ఆదివారం కూడా స్థిమితంగా వెతకొచ్చు. 1970లో పుట్టిన త్రీ బ్లైండ్ మైస్ అనే చిన్న కంపెనీ రికార్డుల కోసం వెళ్ళాను. సుయోషి యమమోతో త్రయం 'మిడ్‌నైట్ షుగర్' దొరికింది. పియానో మెట్టు మీద వేలు పడిన బరువు కూడా వినబడే రికార్డింగ్ అది. ఇసావో సుజుకి సెల్లో వాయించిన 'బ్లో అప్' కూడా ఉంది, 1973ది, పాత ప్రెస్సింగు. 6,800 యెన్లు. మొదటి రోజే ఇంత పెట్టడమా అని అరలో తిరిగి పెట్టేశాను. ఐదో రోజు వెళ్తే లేదు. వేరే అంగళ్ళలోనూ వెతికాను, ఆ రికార్డు మాత్రం ఎక్కడా దొరకలేదు.

షిబుయాకి ఒక పూట చాలు. టవర్ రికార్డ్స్ భవనం 1995 నుంచి అక్కడే ఉంది. అమెరికాలో ఆ దుకాణాలు 2006లో మూతపడ్డా ఇక్కడ నిండుగా నడుస్తోంది. కొత్త సీడీలకి మంచి చోటు గానీ ధర కోసం అంగడి అంగడీ తిరగడం వృథా. జపాన్‌లో పుస్తకాలకీ సీడీలకీ కంపెనీ పెట్టిన ధరే అమ్మేవాళ్ళు పాటించేలా కట్టడి చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, అందువల్ల కొత్తది ఎక్కడైనా దాదాపు ఒకటే. వాడినవాటికి ఆ కట్టడి లేదు. నా 11 సీడీల్లో తొమ్మిది వాడినవే.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. ఒక చిన్న అంగట్లో, పేరు అనవసరం, మూసే వేళకి వెళ్ళి హడావిడిగా నాలుగు తీసుకున్నాను. రికార్డులు తీసి చూసుకోలేదు. రాత్రి గదిలో తెరిస్తే ఒక కవరులో వేరే రికార్డు ఉంది, అదే కళాకారుడిది గానీ వేరే సంవత్సరానిది. మర్నాడు ఆ అంగడికి సెలవు. ఆ తర్వాతి రోజు వెళ్తే క్షమాపణ చెప్పి డబ్బు తిరిగిచ్చారు గానీ, నాకు కావలసిన రికార్డు ఎక్కడుందో వాళ్ళకీ తెలియలేదు. ఒక పూట పోయింది. ఎంత పేరున్న చోటైనా చివరి అరగంటలో కొనకండి.

ఇంటికి చేర్చడం గురించి. 34 ఎల్పీలు ఎనిమిది కిలోల పైమాట. విమానంలో చేతిసంచిగా అన్నీ కుదరవు, పెద్ద పెట్టెలో వేస్తే మూలలు నలుగుతాయి. ఇరవై నాలుగింటిని తపాలా కార్యాలయం నుంచి ఈఎంఎస్ అనే అంతర్జాతీయ వేగపు తపాలాలో పంపాను. చేత్తో రాసిన చిరునామా చీటీ తీసుకోలేదు, వివరాలు ఫోన్‌లో నింపితే అక్కడే అచ్చు వేసిచ్చారు. కౌంటర్‌లో ఉన్న ఆవిడ పెట్టె ఊపి చూసి, లోపల కదులుతోందని పక్కలకి ఇంకా కాగితం కుక్కమని సైగ చేసి చూపించింది. ఆ మాట వినకపోతే నష్టపోయేవాణ్ణే. ప్యాక్ చేసేటప్పుడు రికార్డుని కవరులోంచి తీసి, లోపలి కాగితంతో సహా కవరు వెనక పెట్టాలి. లోపలే ఉంచితే దారిలో ఊగి కవరు కుట్టు చీల్చేస్తుంది. పంపిన ఆరో రోజుకి ఇంటికి చేరాయి, ఒక్క మూలా నలగలేదు. మిగిలిన పదీ నా వెంటే వచ్చాయి. 'గుడెన్స్ కార్నర్' ఆ పదిలో పైది.

మళ్ళీ వెళ్తే ఆరూ రాత్రులూ ఒచానొమిజులోనే దిగుతాను. మొదటి రెండు రోజులు ఏమీ కొనకుండా ఈగిల్‌లో కూర్చుని వింటాను. ఆ తర్వాత రైలెక్కేది కిచిజోజికే, 'బ్లో అప్' కోసం.