పిట్టల సాహసాల బొమ్మల పుస్తకం: తెలుగు గేయమా, ఇంగ్లీషు నుంచి అనువాదమా?

నాలుగేళ్ల పిల్లలకి కానుకగా పిట్టల కథ ఏది కొనాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అందులో మనవలు అమెరికాలో ఉన్నవాళ్లే ఎక్కువ. పిట్టలు గూడు వదిలి ఎటో బయల్దేరాలి, పాటలా ఉండాలి, బొమ్మలుండాలి అంటే ముఖ్యంగా దొరికేవి రెండు రకాలు: ఇంగ్లీషు రైమింగ్ పుస్తకాలకి అనువాదాలు, మొదటే తెలుగులో రాసిన గేయకథలు.

బొమ్మల్లో అనువాదాలదే పైచేయి. మందపు కాగితం, పేజీ నిండా బొమ్మ, పిట్ట కళ్లలో భయం కూడా కనిపిస్తుంది. ఆ పిట్టలు పెంగ్విన్లో పఫిన్లో అయితే ఏమైంది, పిల్లలు అవేం పట్టించుకోరు.

నా గొడవంతా పాట నడకతోనే. ఇలాంటి పుస్తకం ఒకసారి చదివి పక్కన పెట్టేది కాదు, రోజూ రాత్రి పైకి చదవాల్సిందే. తెలుగులో క్రియ ఎలాగూ వాక్యం చివరే వస్తుంది కాబట్టి ఎగిరింది, దిగింది, తిరిగింది అంటూ అంత్యప్రాస ఊరికే వచ్చి పడుతుంది, చాలా అనువాదాలు అక్కడితో ఆగిపోతాయి. ఒక పాదంలో పన్నెండు మాత్రలు (అక్షరం పలికే కాలానికి కొలత), పక్కదాంట్లో ఇరవై ఉంటే చదివేవాళ్లకి ఊపిరి చాలదు, పిల్లలకి చప్పట్లు కొట్టడానికి తాళం దొరకదు. అదే 'గూడబాతు గూడు దాటి, నేలపట్టు చెరువు దాటి' అని మూడేసి మాత్రల్లో పోనివ్వండి, రెండోసారికే పిల్లలు మీకంటే ముందు అనేస్తారు. (సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు, అంటే పెలికాన్లు, నిజంగానే గూళ్లు పెట్టి, మేతకి పులికాట్ సరస్సు దాకా పోతాయి. సాహసం కోసం దక్షిణ ధ్రువం దాకా వెళ్లక్కర్లేదు.)

అందుకే నా ఓటు తెలుగు గేయానికే, కాగితం పల్చగా ఉన్నా సరే. మూలాన్ని పక్కనపెట్టి బొమ్మలు చూసి మళ్లీ కొత్తగా పాట కట్టిన అనువాదం దొరికితే మాత్రం వదలకండి, అలాంటివి తక్కువ. షాపులో రెండు పేజీలు పైకి చదివి చూడండి, నాలుక తడబడితే అక్కడే పెట్టేయండి.

తూలిక ప్రచురణ సంస్థ వాళ్లవి లాంటి ద్విభాషా పుస్తకాలు తెలుగు చదవడం రాని అమ్మానాన్నలకి పనికొస్తాయి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితమే, కాకపోతే ఫోన్ పిల్లల చేతికి వెళ్తే కథ అక్కడితో సరి. మూడేళ్ల లోపు పిల్లలకైతే ఇవేవీ వద్దు, చింపినా చిరగని అట్టపేజీల పుస్తకం ఏదైనా ఇచ్చేయండి.