మాల్దీవులా, భూటానా: ఎవరి రాబడి గట్టిది?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్లకి ఒకే పంటని నమ్ముకోవడమంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఈ రెండు దేశాలదీ ఇంచుమించు అదే వరస. 1972లో మొదటి రిసార్టు తెరిచిన మాల్దీవులకి ఇప్పుడు టూరిజమే ప్రాణం. తలసరి ఆదాయం భూటాన్‌కి రెండింతల పైమాటే. కానీ బియ్యం నుంచి పెట్రోలు దాకా అన్నీ డాలర్లు పోసి తెచ్చుకోవాల్సిందే. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగితే జీడీపీ దాదాపు మూడో వంతు పడిపోయింది. అంత దెబ్బ!

భూటాన్ ఏటి నీళ్లతో కరెంటు తీసి మనకి అమ్ముతుంది, చలికాలం నీళ్లు తగ్గితే మన దగ్గరే కొంటుంది. వాళ్ల కరెన్సీ విలువ మన రూపాయితో సమానం, కాబట్టి మనతో బేరానికి డాలర్ల గొడవ లేదు. నిలకడలో నా ఓటు భూటాన్‌కే. అయితే అక్కడ చదువుకున్న కుర్రాళ్లు మాత్రం పనుల కోసం ఆస్ట్రేలియా దారి పట్టారు.