బోరు నీళ్లు పడని మూడు రంగుల పూలపొద: హైదరాబాద్ బాల్కనీకి బ్రన్‌ఫెల్సియా కొనొచ్చా?

నర్సరీలో ‘ఎస్టర్‌డే టుడే టుమారో’ అని అడిగితే ఇచ్చేది బ్రన్‌ఫెల్సియా. తూర్పు బాల్కనీ ఉండి, కుళాయికి మంజీరా లేదా కృష్ణా నీళ్లు వచ్చే ఇంటికి ఇది నిక్షేపంలాంటి మొక్క, కళ్లు మూసుకుని కొనొచ్చు. ఏడాది పొడుగునా బోరు మీదే నడిచే అపార్ట్‌మెంట్‌లో, పడమటి ఎండ కొట్టే టెర్రస్ మీద పెట్టేవాళ్లకైతే డబ్బు దండగే.

పువ్వు విచ్చిన రోజు ముదురు ఊదా రంగులో, గొంతు దగ్గర తెల్లటి చుక్కతో ఉంటుంది. మర్నాటికి లేత వంగపూవు రంగుకు దిగుతుంది, మూడో రోజుకు తెల్లబడిపోతుంది. రేకుల్లోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం క్రమంగా విరిగిపోవడమే కారణం. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చవు కాబట్టి ఒకే కొమ్మ మీద మూడు రంగులూ కనిపిస్తాయి. ఇది వంగ, టమాటా కుటుంబం మొక్కే. పుట్టిల్లు బ్రెజిల్ అడవులు, అక్కడ పెద్ద చెట్ల నీడలో పెరుగుతుంది.

వాసన కోసం కొనేవాళ్లు ఒక్క సంగతి చూసుకోవాలి. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు. పువ్వు పెద్దగా ఉండే పౌసిఫ్లోరాకు వాసన అంతంతమాత్రం. పువ్వు చిన్నదైనా ఘుమఘుమలాడేది లాటిఫోలియా. సంచి మీద ఈ తేడా రాసి ఉండదు, అమ్మేవాళ్లకూ చాలామందికి తెలియదు. అందుకే పూత మీద ఉన్నప్పుడు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కొనండి. తెల్లగా పూసి పసుపుకు తిరుగుతూ రాత్రిపూట వాసన వేసేది అమెరికానా, అది వెస్టిండీస్ మొక్క. మూడు రంగులు కావాలంటే అది కాదు.

కొనేటప్పుడు సంచిని చేత్తో నొక్కండి. రాయిలా తగిలితే వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉన్నట్టే. లారీలో దూరం రావడానికి ఆ ముద్ద పనికొస్తుంది గానీ కుండీలో అదే ప్రాణం తీస్తుంది. చుట్టూ వదులు మట్టి తడిసినా ముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది, లేదా ఒకసారి తడిస్తే ఆరదు. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, సగం ముద్ద మిగిలేలా నాటండి. మొత్తం కడిగేస్తే సన్నవేళ్లు తెగి మొక్క వడలిపోతుంది. పూత మీద కొన్నా కుండీ మార్చడం మాత్రం పూత అయిపోయాకే, లేకపోతే మొగ్గలన్నీ రాలతాయి.

కుండీ 12 అంగుళాలది చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఆకుల ఎరువు రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ముతక ఇసుక ఒక్కో పాలు, పైన గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌ను కడగకుండా వేస్తే అందులోని ఉప్పు వేళ్లను కాలుస్తుంది.

అసలు పరీక్ష నీళ్ల దగ్గరే. ఈ మొక్కకు కాస్త పులుపు (ఆమ్లగుణం) ఉన్న మట్టి కావాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. పోసేకొద్దీ మట్టి క్షారం వైపు జరుగుతుంది, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా నిలిచాయంటే అదే జబ్బు. ముదురు ఆకులు ఈనెలతో సహా పసుపెక్కితే కారణం వేరు: నత్రజని చాలకపోవడమో, నీళ్లు నిలవడమో. ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. మరీ లేత ఆకులుంటే అన్నభేది 3 గ్రాములే. పది రోజులకు మళ్లీ ఒకసారి. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, పనిచేయదు. నీళ్లు మార్చకుండా మందు ఒక్కటే కొడితే పసుపు మళ్లీ వస్తుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, ఏసీ నీళ్లూ పనికొస్తాయి. ఆర్‌ఓ మిషన్ వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దే వద్దు. మిషన్ తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. పొదుపు అనుకుని చాలా ఇళ్లలో కుండీలకు అవే పోస్తున్నారు.

పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు ఉండాలి. పూర్తి నీడలో ఆకులు బాగుంటాయి, పూలు రావు. ఏప్రిల్, మే నెలల్లో షేడ్ నెట్ లేకుంటే ఆకు అంచులు మాడతాయి. చలికాలంలో ఆకులు కొన్ని ఊదాగా మారి రాలితే కంగారు పడకండి. ఆ రోజుల్లో ఎరువు ఆపి, నీళ్లు తగ్గించండి. చల్లటి రాత్రులే మొగ్గ కట్టిస్తాయి. పూత అయిన వెంటనే కొమ్మల్ని మూడో వంతు కత్తిరించాలి. ఆలస్యంగా కత్తిరిస్తే వచ్చే పూతే పోతుంది.

కుక్క ఉన్న ఇంట్లో ఈ మొక్క వద్దు. మొక్కంతా విషమే, కాయలు, గింజలు మరీ ప్రమాదం. తిన్న కుక్కకు వాంతులు, వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. చిన్న పిల్లలున్నచోట పచ్చి కాయ కనిపించగానే తుంచేయండి. కుక్క ఉన్నవాళ్లు బొడ్డుమల్లె పెట్టుకోవచ్చు. బోరు నీళ్లు తప్ప గతిలేనివాళ్లకు నందివర్ధనం నయం, ఆ నీళ్లను అది చాలావరకు తట్టుకుంటుంది.