లాగటం వేరు, మోయటం వేరు: ఫిఫ్త్ వీల్ తో ఫ్రిస్కో (టెక్సాస్) నుంచి కొలరాడో, రెండు ట్రిప్పులు

అమ్మా నాన్నా ఏప్రిల్లో వచ్చారు, ఆరు నెలలు ఉంటామన్నారు. హోటళ్ళు మారుతూ బయటి తిండి తింటూ తిరిగే ఓపిక వాళ్ళకి లేదు, అందుకే పోయినేడాది కొన్న ఫిఫ్త్ వీల్ ట్రైలర్లో (ముక్కు పికప్ ట్రక్కు తొట్టిలో తగిలించి లాగే ఇల్లు లాంటి బండి) మన అన్నం మనం వండుకుంటూ కొలరాడో చూపిద్దామని అనుకున్నాం. మే చివర్లో ఒకసారి, సెప్టెంబర్లో ఇంకోసారి వెళ్ళాం. మొదటిసారి ట్రైలర్ని అమరిల్లోలో వదిలేసి వెళ్ళాల్సొచ్చింది. ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఈ మధ్యే ముగ్గురు ఫ్రెండ్స్ నన్ను అడిగారు "నీ ట్రక్కు ఎంత లాగుద్ది, మేమూ అదే కొంటాం" అని. ఎంత లాగుద్ది అని అడగటంలోనే తప్పుంది, నేనూ కొనేముందు అదే అడిగా.

అప్పటి మా ట్రక్కు 2500 క్లాస్ డీజిల్ పికప్. కాగితం మీద 17 వేల పౌండ్లు పైన లాగుద్ది. ట్రైలర్ ఖాళీ బరువు 10,900, నిండా సామాను వేసినా 13,995 దాటకూడదు. అమ్మినాయన 17 లోంచి 14 తీసేసి ఇంకా 3 వేలు మిగులుంది సార్ అన్నాడు, నాకూ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. ఇంకో లెక్క ఉందని ఆయన చెప్పలేదు, నేను చూసుకోలేదు.

ఫ్రిస్కో నుంచి 287 రోడ్డు పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వెళ్ళాలి. ట్రైలర్ తో వెళ్తే ఒక రోజు పని. బండి లాగటానికి ఏ మాత్రం ఇబ్బంది పడలేదు, ఇంజన్ శబ్దం కూడా పెరగలేదు, కానీ విచిటా ఫాల్స్ దాటాక గాలి మొదలయ్యేసరికి స్టీరింగ్ తేలిగ్గా అనిపించటం, పెద్ద లారీ పక్కనుంచి పోతే మొత్తం అటూ ఇటూ ఊగటం, చేతులు చెమట పట్టటం. చిల్డ్రెస్ లో డీజిల్ కి ఆపాం. నాన్న దిగి ట్రక్కు చుట్టూ ఒక రౌండ్ వేసి వెనక టైరు దగ్గర కూర్చున్నారు. నాన్నకి విజయవాడ ఆటోనగర్లో ఇరవై ఏళ్ళు రెండు లారీలు ఉండేవి. "కమాన్ కట్టలు తిరగబడ్డాయిరా, కాటా వేయించావా?" అన్నారు (కమాన్ కట్టలంటే ఇరుసు మీద స్ప్రింగులు). లేదన్నా. "కాటా వేయించకుండా ఇంట్లో అందర్నీ ఎక్కించుకుని ఎట్లా బయల్దేరావు" అని ఇంకేం మాట్లాడలేదు, అమరిల్లో దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

అమరిల్లోలో ఐ-40 పక్కన ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్, అంటే లారీల కాటా, ఉంది. ఇది ఈ ట్రిప్పు మొత్తంలో నేను డబ్బులు పెట్టిన వాటిలో బెస్ట్ సర్వీస్, 20 డాలర్ల లోపే. ట్రక్కు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద వచ్చేలా ఆపితే ఒక్కో యాక్సిల్ బరువు విడివిడిగా అచ్చేసి ఇస్తారు. ఫోన్లో యాప్ ఉంటే దిగక్కర్లేదు. మాకొచ్చింది ముందు 4,640, వెనక 6,780, ట్రైలర్ 10,300. అంటే ట్రక్కు మీద మొత్తం 11,420 పౌండ్లు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన అతికించిన స్టిక్కర్ మీద మా ట్రక్కు పరిమితి 10,000 అని ఉంది. వెనక యాక్సిల్ పరిమితి 6,500, అదీ దాటింది.

మర్నాడు పొద్దున్నే ట్రైలర్ని ఆర్వీ పార్కులో (ఇలాంటి బండ్లు ఆపుకుని ఉండే చోటు) విప్పేసి, ఐదుగురం కూర్చుని ట్రక్కు ఒక్కటే మళ్ళీ తూకం వేయించాం, 24 గంటల్లోపు రెండోసారైతే చార్జి చాలా తక్కువ. 8,820. తేడా 2,600, అదే కింగ్ పిన్, అంటే ట్రైలర్ ముక్కు కింద ట్రక్కుకి తగిలే ఇనప కడ్డీ, దాని మీదుగా ట్రక్కు నడుం మీద పడుతున్న బరువు. బ్రోచర్లో పిన్ వెయిట్ 1,980 అని రాసుంది, అది ఏ సామానూ లేని ఖాళీ ట్రైలర్ది. మన బియ్యం బస్తా, గ్రైండర్, ఆవకాయ జాడీ, గిన్నెలు అన్నీ ముందు వైపు అరల్లోనే పెట్టాం, బరువు అక్కడే పెరుగుద్ది.

స్టిక్కర్ మీద ఇంకో లైనుంటుంది, మనుషులూ సామాన్లూ కలిపి ఇంత దాటకూడదు అని. మా దానికి అది 2,140 పౌండ్లు. మేం ఐదుగురం 720, ట్రైలర్ని తగిలించటానికి తొట్టిలో బిగించే హిచ్ 180, పనిముట్లు 60, పోను మిగిలింది 1,180. అందులో 2,600 పెట్టాం. 1,420 ఎక్కువ, అంటే నాన్న లెక్కలో ఎనిమిదిన్నర ధాన్యం బస్తాలు. లాగే లెక్కలో చూస్తే ట్రైలర్ మొత్తం 12,900 మాత్రమే, ఇంకా 4 వేల పైన మిగులుంది! అమ్మకి అర్థం కాలేదు, నాన్న చెప్పిన మాట ఇక్కడ రాయాలి. "ఎడ్లబండిలో బరువంతా చక్రాల మీదే ఉండదు కదే, ముందుకి ఎక్కువేస్తే కాడి ఎద్దు మెడ మీద పడుద్ది. ఎద్దు లాగలేక కాదు, మెడ మోయలేక పడిపోద్ది." ఫిఫ్త్ వీల్ సంగతి అచ్చంగా ఇదే, ట్రైలర్ బరువులో సుమారు ఐదో వంతు మన ట్రక్కు తొట్టిలో కూర్చుంటుంది. పోనీ వెనక్కి సామాను జరిపి పిన్ బరువు తగ్గిద్దామంటే మరీ తగ్గితే ట్రైలర్ తోక ఊపటం మొదలెడుద్ది, కాడి పైకి లేచినట్టే. వెనక స్ప్రింగులకి తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించు అని పక్క సైటాయన సలహా ఇచ్చాడు, మంచి మనిషి, కానీ బ్యాగులు వెనక భాగాన్ని పైకి లేపుతాయి అంతే, యాక్సిల్ పరిమితి, స్టిక్కర్ మీద నంబర్ మారవు.

నాన్న ముందుకి వద్దన్నారు, ఇంక నేనూ వాదించలేదు. మేమున్న పార్కు రోజుకి 12 డాలర్లకి స్టోరేజీలో పెట్టుకోమంది, ఒక మూల గాలికి అడ్డంగా గోడ ఉన్న చోటు కూడా చూపించారు. ఆ ఆర్వీ పార్కు గురించి రెండు ముక్కలు: పుల్ త్రూ సైట్లు, అంటే వెనక్కి తీసే పని లేకుండా నేరుగా దూరి నేరుగా బయటికి రావచ్చు, షవర్లు శుభ్రం, చెట్లు మాత్రం లేవు.

ట్రక్కు ఒక్కటే వేసుకుని పాలో డూరో క్యాన్యన్ వెళ్ళాం. అమరిల్లో నుంచి అరగంటే, అమెరికాలో రెండో పెద్ద క్యాన్యన్, పెద్దవాళ్ళకి తలకి 8 డాలర్లు, పిల్లలకి లేదు. అడుగుకి దిగే రోడ్డు 10 శాతం వాలు. ఖాళీ ట్రక్కుతోనే రెండో గేరులో దిగుతుంటే, నిన్న చీకట్లో ఇందులోకి ఆ బరువుతో దిగుదామనుకున్నానే అని గుండె ఝల్లుమంది. కింద క్యాంపు సైట్లలో నీళ్ళు, కరెంటు ఉన్నాయి, ఎర్రమట్టి గోడల కింద సాయంత్రం చాలా బాగుంది, అమరిల్లో పార్కు కంటే వందరెట్లు నయం. బరువు సరిపోయే బండి ఉంటే అక్కడే ఉండండి.

అక్కణ్ణుంచి డాల్హార్ట్, క్లేటన్, రాటన్ పాస్ మీదుగా అలమోసా, మోటెల్లో మూడు రాత్రులు. రూములో చిన్న వంటగది ఉంది కానీ ఒకే పొయ్యి, అమ్మకి చిరాకు. ఊరు 7,500 అడుగుల ఎత్తు, మొదటి రాత్రి నాన్నకి నిద్ర పట్టలేదు, పెద్దవాళ్ళతో వెళ్తే తొలి రోజు ఏ ప్లానూ పెట్టుకోవద్దు. గ్రేట్ శాండ్ డ్యూన్స్ లో మేమెళ్ళిన టైముకి మెడానో క్రీక్ అనే వాగు పారుతుంది, మంచు కరిగిన నీళ్ళు మే చివర, జూన్ మొదట్లో ఎక్కువుంటాయి. ఇసుక కొండల కింద మడమ లోతు నీళ్ళలో అమ్మ చీర కొంచెం ఎత్తి పట్టుకుని గంటసేపు నడిచింది, కృష్ణ ఇసుక తిన్నెలు గుర్తొచ్చాయంది. ఆ ఒక్క గంటకి ట్రిప్పంతా సరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ట్రైలర్లో సామానంతా ట్రక్కు వెనక కాకుండా వేరే వ్యాన్లో పంపి, ట్రైలర్ని వేరే డ్రైవర్ తో పెద్ద ట్రక్కు మీద ఇంటికి తెప్పించాం. ఖర్చయింది, కానీ ఆ ట్రక్కుతో మళ్ళీ కట్టబుద్ధి కాలేదు.

జులైలో ట్రక్కు మార్చాం. ఈసారి షోరూముల్లో ముందు డోర్ తీసి స్టిక్కర్ ఫోటో తీయటం, తర్వాతే మిగతా మాటలు. ఒకే మోడల్లో కూడా నంబర్ మారుద్ది, సన్ రూఫ్, ఖరీదైన సీట్లు పెరిగిన కొద్దీ మోసే బరువు తగ్గుద్ది, డీజిల్ ఇంజన్ బరువు కాబట్టి అదే క్లాసులో పెట్రోల్ దానికే ఎక్కువుంటది. నా లెక్క ఇది: ట్రైలర్ నిండా నింపితే 14 వేలు, దాంట్లో 22 శాతం పిన్ మీద అనుకుంటే 3,080, మనుషులూ హిచ్ 960, మొత్తం 4,040. వెనక నాలుగు టైర్లుండే 3500 డ్యూయలీ తీసుకున్నాం, స్టిక్కర్ మీద 5,260. ఎనిమిది అడుగుల తొట్టి కాబట్టి గట్టిగా మలుపు తిప్పినా ట్రైలర్ ముక్కు క్యాబిన్ కి తగలదు, పాత చిన్న తొట్టికి స్లైడర్ హిచ్ జరుపుకుంటూ ఉండేవాణ్ణి. ఇబ్బందులూ ఉన్నాయి, మాల్ పార్కింగ్ లో పట్టదు, టైర్లు మారిస్తే ఆరు. ఇంకోటి, టెక్సాస్ లో ట్రక్కు, ట్రైలర్ పరిమితులు కలిపి 26,001 పౌండ్లు, ఆ పైన అయితే సొంతానికి తోలినా క్లాస్ ఏ లైసెన్స్ కావాలి. మా రెండూ కలిపి 27,995. రాత పరీక్ష, మా బండితోనే రోడ్డు పరీక్ష, ఆగస్టులో పాసయ్యా.

సెప్టెంబర్లో బయల్దేరేముందే కాటా. ట్రక్కు మీద 12,400, పరిమితి 14,000. టికెట్ నాన్న చేతికిచ్చా, రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. 287 మీద అదే గాలి, ఈసారి పిల్లాడు, అమ్మ నిద్రపోయారు. అలమోసా దగ్గర ఒక రాత్రి ఆగి సౌత్ ఫోర్క్ మీదుగా వుల్ఫ్ క్రీక్ పాస్, 10,857 అడుగులు. ఎక్కటం కష్టం కాదు, పడమటి వైపు దిగటమే అసలు పరీక్ష, దాదాపు 7 శాతం వాలు, మైళ్ళ కొద్దీ మలుపులు, బ్రేకులు పోయిన లారీల కోసం రన్ అవే ర్యాంపులు. టో హాల్ మోడ్, ఎగ్జాస్ట్ బ్రేక్ (రెండూ చక్రాల బ్రేకులు వేడెక్కకుండా ఇంజన్ తోనే వేగం ఆపేవి) వేసి, పైనే స్పీడు తగ్గించుకుని దిగాం, బ్రేక్ మీద కాలు నాలుగైదు సార్లు పడిందేమో. పగోసా స్ప్రింగ్స్ లో ఆపగానే నాన్న దిగి చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూసి, "గోరువెచ్చగా ఉన్నాయి, చాలు" అన్నారు.

పగోసాలో వేడినీళ్ళ మడుగుల్లో అమ్మ మోకాళ్ళకి హాయిగా ఉందంది. డురాంగోలో ఆర్వీ పార్కు నది పక్కనే, చూడ్డానికి బాగుంది కానీ సైట్లు ఇరుకు, మా పొడుగు బండి వెనక్కి దూర్చటానికి నలభై నిమిషాలు పట్టింది, బుక్ చేసేటప్పుడు పొడుగు చెప్పి రాతపూర్వకంగా తీసుకోండి. సిల్వర్టన్ రైలు 1882 నుంచి నడుస్తుంది, 45 మైళ్ళకి మూడున్నర గంటలు, ఆకులు పసుపు తిరిగే టైము. అక్కణ్ణుంచి యూరే అనే ఊరి వైపు 550 రోడ్డుకి చాలా చోట్ల అంచున రెయిలింగ్ లేదు, ట్రైలర్ డురాంగోలోనే ఉంచి ట్రక్కుతో వెళ్ళాం.

చివరి మూడు రాత్రులు మెసా వెర్డే లోపల మోర్‌ఫీల్డ్ క్యాంప్ గ్రౌండ్. నా దృష్టిలో రెండు ట్రిప్పుల్లో బెస్ట్ బస ఇదే. నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ మూడూ ఉన్న సైట్లు 15 మాత్రమే, ముందే బుక్ చేయాలి. లాండ్రీ, షవర్లు, చిన్న కొట్టు ఉన్నాయి, పొద్దున్నే లేళ్ళు సైటు దాకా వస్తాయి. మోర్‌ఫీల్డ్ దాటి ట్రైలర్లని పోనివ్వరు, అక్కడ విప్పి ట్రక్కుతో కొండ మీదికెళ్ళాలి. క్లిఫ్ ప్యాలెస్ లోపలికి నిచ్చెనలెక్కాలి కాబట్టి అమ్మా నాన్నా పైనుంచే చూశారు. ఆ రాతి ఇళ్ళ ముందు నాన్న చాలాసేపు నిలబడి ఇన్ని రాళ్ళు పైకి ఎట్లా మోశారో అన్నారు.