ఆరేళ్లుగా నా సంచిలో ఉన్న రక్తం మీటరు

ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఏఎన్ఎంగా పనిచేస్తున్న నేను గర్భిణుల రక్తం చూడటానికి చేతిలో ఇమిడే డిజిటల్ హిమోగ్లోబిన్ మీటరును ఆరేళ్లుగా వాడుతున్నాను. వేలి నుంచి వచ్చిన రక్తపు చుక్కను స్ట్రిప్పుకు తాకిస్తే, డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములుందో అది అంకెలో చూపిస్తుంది. నాకు దానిమీద మమకారం ఏర్పడింది అంకె త్వరగా వస్తుందని కాదు, ఆ అంకె గర్భిణికీ ఆమె అత్తగారికీ కూడా కనబడుతుందని.

అంతకుముందు సాహ్లీ గొట్టం వాడేదాన్ని. 0.02 మిల్లీలీటర్ల రక్తం పీల్చి, ఆమ్లంలో కలిపి, పది నిమిషాలు ఆగి, ఆపైన డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా పోస్తూ పక్కనున్న గాజు రంగుతో కలిసేదాకా చూడాలి. మబ్బు పట్టిన రోజున, రేకుల కప్పు కింద, ఆ గోధుమరంగు నాకొకలా, ఆశా కార్యకర్తకు మరొకలా కనబడేది. "ఏడు పాయింట్లే ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లాలమ్మా" అని నేనంటే, "ఆ గొట్టంలో నీకేటి అగుపడిందో మాకేటి తెలుస్తాది సిస్టరమ్మా" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మీటరు వచ్చాక అదే ఇంట్లో రెండో కోడలికి 6.8 వస్తే, పదో తరగతి చదివే మరిది ఆ అంకెను అందరికీ చదివి వినిపించాడు. ఏడుకు దిగువన రక్తం ఉన్న మనిషి కాన్పులో అయ్యే రక్తస్రావాన్ని తట్టుకోలేదని నేను చెప్పిన మాట ఆ రోజు మొదటిసారి వాదన లేకుండా చెల్లింది.

మూడో ఏడు వానాకాలంలో ఒక బుధవారం, టీకాల రోజున, ఆరుగురు గర్భిణులకు పరీక్ష చేస్తే నలుగురికి ఏడుకు దిగువనే వచ్చింది. ఒకే ఊళ్లో, ఒకే రోజు నలుగురేమిటన్న అనుమానం నాకు రావలసింది, రాలేదు. వాళ్లను బండి ఎక్కించి ఘాట్ రోడ్డు మీదుగా ఆసుపత్రికి పంపాను. అక్కడ నరం నుంచి రక్తం తీసి చూస్తే ముగ్గురికి తొమ్మిదికి పైనే ఉంది. వెనక్కి వచ్చి వెతికితే కారణం దొరికింది: స్ట్రిప్పుల డబ్బా మూత సరిగ్గా పడలేదు, రెండు రోజుల వాన తేమంతా లోపలికి చేరింది. పైగా చలికి చుక్క రాకపోవడంతో వేళ్లను గట్టిగా పిండాను. అలా పిండితే కణజాలంలోని నీరు రక్తంతో కలిసి అంకె ఇంకా తగ్గుతుంది. కూలి పోగొట్టుకున్న ఆ ముగ్గురిలో ఒకామె కాన్పయ్యేదాకా మళ్లీ నా ముందు వేలు చాపలేదు. ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త చేత పంపించాను గానీ, ఆమె వేసుకున్నదో లేదో నాకు తెలియదు. ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే అంకె అందరికీ కనబడటమే దీని గొప్పతనమని పైన రాసిన మాటకు కొంత చేర్చాలి. తప్పు అంకె కూడా అంతే స్పష్టంగా, అంతే నమ్మకంగా కనబడుతుంది. ఇప్పుడు డబ్బా తెరిచిన తేదీని దానిమీదే పెన్నుతో రాస్తున్నాను, ఎందుకంటే నా స్ట్రిప్పులు తెరిచాక తొంభై రోజులే పనికొస్తాయి. స్ట్రిప్పు తీసిన వెంటనే మూత బిగిస్తున్నాను. మొదటి చుక్కను తుడిచేసి, పిండకుండా వచ్చిన రెండో చుక్కనే తాకిస్తున్నాను. రక్తం తక్కువైతే పాలిపోయే కింది కనురెప్ప లోపలి రంగుకూ అంకెకూ పొంతన కుదరకపోతే రెండో చేతి వేలితో మళ్లీ చూస్తున్నాను. దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పిన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా వేలి రక్తంతోనే లెక్క కట్టింది. అందువల్ల వేలి చుక్కను తీసిపారేయలేము, కానీ ఏడుకు అటూ ఇటూ ఉన్నవారికి మాత్రం నరం రక్తంతో ఖాయపరచుకోవడం మంచిదని నా అనుభవం.

కొనవచ్చునా అని అడిగే తోటి ఏఎన్ఎంలకు నేను చెప్పగలిగింది ఇంతే: ల్యాబ్ పక్కనే ఉన్నవారికి దీనితో పెద్ద అవసరం ఉండకపోవచ్చు. కరెంటు నిలవని, దారి లేని ఊళ్లు తిరిగే నాకు ఇది లేకపోతే గడవదు, కానీ స్ట్రిప్పులు వేళకు అందిన నెలల్లోనే ఇది పనికొస్తుంది. వానాకాలంలో పెద్ద డబ్బా ఒకటి తెరిచే బదులు, దొరికితే చిన్న డబ్బాలు తీసుకోండి.