కాపర్-టీనా, అంతర సూదా?

మొదటి కాన్పయ్యాక రెండో బిడ్డకు ఎడం కావాలంటే సర్కారు ఆసుపత్రిలో ఈ రెండూ ఉచితమే. ఏది మంచిదని అడిగే ముందు మీ నెలసరి ఎలా ఉంటుందో చూసుకోండి.

కాపర్-టీ అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న రాగి సాధనం, ఇందులో హార్మోన్లుండవు. 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తుంది. కాకపోతే మొదటి 3 నుంచి 6 నెలలు రక్తస్రావం, కడుపునొప్పి ఎక్కువ కావచ్చు. ఇప్పటికే ప్యాడ్ల మీద ప్యాడ్లు మార్చేవాళ్లకు, రక్తం తక్కువున్నవాళ్లకు నేనైతే దీన్ని ముందు చెప్పను.

అంతర 3 నెలలకోసారి వేసే హార్మోన్ సూది. వేసినచోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. దీంతో నెలసరి గాడి తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. చెడు రక్తం లోపలే ఉండిపోతుందేమోనని ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్. అదేం లేదు, గర్భసంచి లోపలి పొర పలచబడుతుందంతే. పాలిచ్చే తల్లులు కాన్పయిన 6 వారాలకు మొదలుపెట్టవచ్చు. బీపీ బాగా ఎక్కువున్నా, రొమ్ము క్యాన్సర్ వచ్చినా ఇది పనికిరాదు.

అసలు తేడా ఆపేశాక తెలుస్తుంది. కాపర్-టీ తీయించిన నెలలోనే గర్భం రావచ్చు. అంతర అయితే చివరి సూది నుంచి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. వచ్చే ఏడాదే రెండో బిడ్డ అనుకునేవాళ్లు సూది జోలికి పోకపోవడమే నయం.